గర్భసంచి జారాక నిలబడటం, కూర్చోవడం మళ్ళీ నేర్చుకున్నాను: నా అనుభవం

2024 జనవరి 9, మంగళవారం. సంక్రాంతి ఇంకో వారం కూడా లేదు. మాది తెనాలి. ఇంటి దగ్గరే మిషన్ పెట్టుకుని ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. పండగ ముందు కాబట్టి మంచం మీద కూడా బట్టల మూటలే. ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి మిషన్ ముందు కూర్చున్నదాన్ని, మధ్యలో టీ తాగడానికి తప్ప మధ్యాహ్నం రెండు దాకా లేవలేదు. సాయంత్రం పప్పు ఉడుకుతుండగా గ్యాస్ అయిపోయింది. మా ఆయన ఊళ్ళో లేరు. వరండాలో ఉన్న నిండు సిలిండరు నేనే ఎత్తి గడప దాటించాను. నిండు బండ ముప్ఫై కిలోల దాకా ఉంటుంది. దింపుతున్నప్పుడు కింద ఏదో జారినట్టయింది. నొప్పేమీ లేదు. తొడల మధ్య తడి గుడ్డ ఉండలా ఏదో అడ్డం పడినట్టు ఉంది.

రాత్రి స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. మెత్తగా, నున్నగా, నిమ్మకాయంత. నీళ్ళ చెంబు పక్కన పెట్టేసి అలాగే చాలాసేపు నిలబడిపోయాను. క్యాన్సర్ గడ్డ అనుకున్నాను. పడుకున్నాక చూస్తే లేదు. పొద్దున్నే కూడా లేదు. హమ్మయ్య అనుకున్నాను. మధ్యాహ్నం నాలుగు గంటలకల్లా మళ్ళీ వచ్చింది.

నెల రోజుల దాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మాట కూడా లేదు నా దగ్గర. ఏమని చెప్పాలి, ఎక్కడని చెప్పాలి? తలుపు గడియ వేసుకుని చిన్న అద్దం పెట్టి రోజుకు పదిసార్లు చూసుకునేదాన్ని. చూసినప్పుడల్లా గుండె దడ. కొలతలు తీసుకుంటూ ఒకామెకు భుజం కొలత రెండుసార్లు తప్పు రాశాను. సంక్రాంతి మూడు రోజులూ ముగ్గు వేయలేదు, నడుం నొప్పి అని చెప్పాను. అది అబద్ధం కూడా కాదు. నడుం కింది భాగంలో పీకుడు నాకు నాలుగేళ్ళుగా ఉంది. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని మాత్రం అప్పుడు తెలియదు.

ఫిబ్రవరి 5న మా ఆయనకు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందే చెప్పొచ్చు కదే" అన్నారు, కోపంగా కాదు. మర్నాడే మా ఊళ్ళోనే ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. రెండున్నర గంటలు కూర్చుంటే లోపల ఏడు నిమిషాలు. దగ్గమన్నారు, ముక్కమన్నారు. "గర్భసంచి జారింది, మూత్రసంచి కూడా కిందికి దిగింది. సెకండ్ డిగ్రీ, అంటే కింది ద్వారం దాకా వచ్చింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదమ్మా, తీసేద్దాం. నడుం నొప్పి కూడా పోతుంది" అన్నారు. ఫీజు 500, స్కాన్ 1,200, రక్త పరీక్షలు 1,450. ఆపరేషన్‌కు 75,000 అవుతుందని బయట కౌంటర్ దగ్గర కాగితం మీద రాసి ఇచ్చారు. నాకు అప్పుడు 48 ఏళ్ళు. మా వీధిలోనే గర్భసంచి తీయించుకున్న వాళ్ళు ఐదుగురున్నారు, అందులో ఇద్దరికి నలభై కూడా లేవు. దేశం మొత్తం మీద చూస్తే ఈ ఆపరేషన్ ఆంధ్ర, తెలంగాణల్లోనే ఎక్కువ జరుగుతుందని తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం నేనూ సరేనన్నాను. మార్చిలో డేటు కూడా అనుకున్నాం.

ఈలోగా నడుం నొప్పికి ఎముకల డాక్టరును కలిశాను. ఎక్స్‌రే తీసి, ఎముకలు బాగానే ఉన్నాయని మాత్రలు, నడుం బెల్టు రాశారు. ఫీజు, ఎక్స్‌రే, మందులు, బెల్టు అన్నీ కలిపి 2,530 అయింది. జారిన సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. బెల్టు గట్టిగా బిగించి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మిషన్ కుట్టాను. నడుముకు హాయిగానే ఉంది కానీ, మూడో రోజుకు కింద బరువు రెట్టింపైంది. మామూలుగా సాయంత్రం వచ్చే ఉండ పదకొండు గంటలకే వచ్చేసింది. పొట్టను చుట్టూ బిగిస్తే లోపలి ఒత్తిడి ఎటు పోతుంది? ఆ ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. బెల్టు తీసేసిన రోజు కాస్త నయంగా ఉండటం మాత్రం గమనించాను.

ఆపరేషన్‌కు ముందు ఇంకొకరికి చూపించుకోమని మా చెల్లెలు పట్టుబట్టింది. వాళ్ళది గుంటూరు. ఫిబ్రవరి 24, శనివారం అక్కడ ఒక పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్ళింది. ఫీజు 400. ఈ డాక్టరు పడుకోబెట్టి చూశాక, లేచి నిలబడమని ఒక కాలు స్టూలు మీద పెట్టించి మళ్ళీ చూశారు. జారేది నిలబడినప్పుడు కదా అన్నారు. ఆ తర్వాత ఆవిడ చెప్పినవి నేను అక్కడే మందుల చీటీ వెనక రాసుకున్నాను. గర్భసంచి తీసేసినంత మాత్రాన దాన్ని పట్టి ఉంచే కండరాలు బాగవవు. తీసేశాక కూడా కొందరికి యోని పైభాగం, మూత్రసంచి మళ్ళీ జారతాయి. నాది ప్రాణానికి ముప్పు తెచ్చేది కాదు, తొందరేమీ లేదు. మూడు నాలుగు నెలలు ఫిజియోథెరపీ చేసి, అవసరమైతే జారకుండా లోపల ఆసరాగా ఉండే రింగ్ పెట్టుకుని చూడొచ్చు. అప్పటికీ ఇబ్బంది తగ్గకపోతే ఆపరేషన్ ఉండనే ఉంది. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, రక్తం కనిపించినా, దుర్వాసనతో తెల్లబట్ట అయినా ఆగకుండా రమ్మన్నారు. "ఎన్ని గంటలు కూర్చుంటావు రోజుకి?" అని అడిగిన మొదటి డాక్టరు ఆవిడే. పది, పన్నెండు అన్నాను. విజయవాడలో ఒక ఫిజియో మేడం పేరు రాసిచ్చారు.

ఆ మేడం దగ్గర అపాయింట్‌మెంట్‌కు పదిహేడు రోజులు పట్టింది. మార్చి 12. తెనాలి నుంచి పొద్దున పాసింజరుకు వెళ్ళాను. రైల్లో సీటు దొరికినా కూర్చుంటే ఒత్తుకుంటుందని నిలబడే వెళ్ళాను. నిలబడితే ఇంకా కిందికి దిగుతుంది. ఏం చేయాలో తెలియని స్థితి అది.

మొదటి రోజు గంటా పది నిమిషాలు చూశారు, 1,000 రూపాయలు. సగం సేపు ప్రశ్నలే. కాన్పులు ఎన్ని, ఎంత బరువు బిడ్డలు, విరేచనం రోజూ అవుతుందా, ముక్కుతావా, దగ్గు ఉందా, నీళ్ళు ఎవరు మోస్తారు. 2003లో రెండోవాడు మూడు కిలోల తొమ్మిది వందల గ్రాములు పుట్టాడని చెప్పాను. బాలింతగా ఉన్నప్పుడు మా అమ్మ పాత చీర చింపి నడికట్టు ఎంత గట్టిగా కట్టేదంటే ఊపిరి ఆడేది కాదు. పొట్ట జారకూడదని. ఆ చీర బిగింపు పొట్టను లోపలికి నొక్కుతుంటే లోపలున్నవి ఎటు పోయాయో అని మేడం అడగగానే నాకు బెల్టు గుర్తొచ్చింది. ఆ సంగతి చెప్పాను. తలూపారు. మా అమ్మ మీద కోపం రాలేదు, ఆవిడకు తెలిసింది అది.

తర్వాత "నువ్వు రోజూ ఎలా నిలబడతావో అలాగే నిలబడమ్మా" అన్నారు. నిలబడ్డాను. పక్కనుంచి ఫొటో తీసి చూపించారు. నన్ను నేను అలా ఎప్పుడూ చూసుకోలేదు. భుజాలు ముందుకు ఒరిగి ఉన్నాయి. పొట్ట లోపలికి లాగి బిగబట్టి ఉంది. పిర్రలు ముందుకు నొక్కేసి, నడుం వంపు అసలు లేకుండా చదునుగా ఉంది. పొట్ట కనిపించకూడదని చిన్నప్పటి నుంచీ అలా లాగి పట్టుకోవడం నాకు అలవాటు. చీర కట్టుకునేటప్పుడు లంగా బొందు కూడా ఊపిరి బిగబట్టే ముడి వేస్తాను. విప్పినప్పుడు నడుం చుట్టూ ఎర్రగా గాడి పడి ఉంటుంది.

మేడం బల్ల మీదున్న కటి ఎముకల బొమ్మ తీశారు. మనం అనుకున్నట్టు అది గిన్నెలా నిటారుగా కూర్చుని ఉండదు. నిలబడినప్పుడు ముందుకు ఒరిగి ఉంటుంది. పొత్తికడుపు కింద ముందు భాగంలో తగిలే ఎముక అడ్డంగా అరుగులా ఉంటుంది. నడుం వంపు సహజంగా ఉన్నప్పుడు లోపలి బరువు చాలావరకు ఆ ముందు ఎముక మీదికి, పొట్ట గోడ మీదికి వెళుతుంది. తోక ఎముకను కిందికి ముడిచి, నడుం చదును చేసి, పొట్ట లాక్కుంటే ఆ ఒరుగు పోయి బరువు నేరుగా కింది ద్వారం మీద పడుతుంది. బొమ్మను చేత్తో ఒరగదీసి, మళ్ళీ నిటారుగా తిప్పి చూపించారు. ఒరిగి ఉన్నప్పుడు కింద ఎముక కనిపించింది. తిప్పగానే అక్కడ ఖాళీ కనిపించింది. నాకు అర్థమైన క్షణం అదే.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పారు. భంగిమ మార్చుకుంటే జారినది పైకి వెళ్ళిపోతుందని తాను చెప్పడం లేదని, అలా ఎవరైనా మాటిస్తే నమ్మవద్దని. బరువు దిగే దారి మారుతుంది, కండరానికి పని తగ్గుతుంది, నడుముకు ఊరట దొరుకుతుంది. దానితోపాటు కింది కండరాలకు వ్యాయామం తప్పనిసరి. బ్రిటన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో 447 మంది ఆడవాళ్ళతో చేసిన పరిశోధన ఒకటి 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిందట. పదహారు వారాల్లో ఐదుసార్లు ఫిజియో దగ్గరికి వెళ్ళి వ్యాయామం నేర్చుకున్న వాళ్ళకు ఏడాది తర్వాత ఇబ్బంది తగ్గింది. "మనమూ అదే లెక్క పెట్టుకుందాం, ఐదుసార్లు రా" అన్నారు.

అడిగి, సరే అన్నాకే లోపల పరీక్ష చేశారు. బిగించమన్నారు. నేను బిగించాననుకున్నాను. "అమ్మా, నువ్వు పైకి లాగడం లేదు, కిందికి తోస్తున్నావు" అన్నారు. అప్పటికి నెల రోజులుగా ఫోన్లో వీడియో చూసి రోజూ వందసార్లు చేస్తున్నాను! అంటే నెల రోజులూ నన్ను నేనే కిందికి నెట్టుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ గ్లవ్స్ తీసేసి, గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, ఇది చాలామంది చేసే పొరపాటే అన్నారు. కింది కండరాల బలం ఐదుకు రెండు అని రాశారు. దీని గురించి చదివే వాళ్ళకు నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇది: ఒక్కసారైనా తెలిసినవాళ్ళ చేత చూపించుకుని మొదలుపెట్టండి.

నేర్పిన పద్ధతి ఇలా ఉంటుంది. గాలి పోకుండా, మూత్రం పోకుండా ఆపుకున్నట్టు వెనక నుంచి ముందుకు బిగించి లోపలికి, పైకి లాగాలి. నాలుగు అంకెలు లెక్కపెట్టి పూర్తిగా వదలాలి. వదలడం కూడా వ్యాయామమేనన్నారు. పదిసార్లు అలా, పదిసార్లు టకటకా, రోజుకు మూడు పూటలు. పిర్రలు, తొడలు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీసు చేయకూడదు. తుమ్ము, దగ్గు వచ్చేముందు ఒక్క క్షణం ముందే బిగించాలి. ఇక అద్దం పెట్టి చూసుకోవడం వారానికి ఒక్కసారే. ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది.

భంగిమకు చీపురు కర్ర వాడాం. పొడవాటి కర్రను వీపు మీద నిలువుగా పెట్టారు. తల వెనక, భుజాల మధ్య, తోక ఎముక దగ్గర, మూడు చోట్లా తగలాలి. నడుం దగ్గర నా అరచేయి దూరేంత సందు ఉండాలి. మొదట నాకు తల తగల్లేదు, సందు లేనే లేదు. పొట్ట వదిలేయమన్నారు. వదిలేశాను అన్నాను. ఇంకా వదలమన్నారు. లంగా బొందు విప్పి రెండు వేళ్ళు దూరేలా కట్టించాక అప్పుడు వదిలింది పొట్ట. నడుం అదంతటదే వంపు తిరిగింది. రొమ్ము ఎముక పైకి లేపి, భుజాలు జార్చి, గడ్డం కొంచెం లోపలికి. మా చిన్నప్పుడు మా వీధిలో చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే ఆమె నడక గుర్తొచ్చింది. ఆమె పొట్ట లాక్కుని నడవడం నేనెప్పుడూ చూడలేదు. అలాగే కర్ర వీపు మీద ఉంచి, మూడు చోట్లా తగులుతూనే తొంటి దగ్గర వంగడం నేర్పారు. నేను పుట్టి బుద్ధెరిగి నడుం దగ్గరే వంగాను, తొంటి దగ్గర వంగడం ఒకటుందని తెలియదు.

ఇంటికొచ్చి మొదటి పది రోజులు నరకం. కొత్త చోట్ల నొప్పులు, భుజాల మధ్య, తొడల వెనక. ఐదు నిమిషాలు నిలబడితే పొట్ట మళ్ళీ లోపలికి వెళ్ళిపోయేది, నాకు తెలియకుండానే. స్టవ్ దగ్గర గోడకు ముగ్గుపిండితో గీత గీసుకున్నాను, అది కనిపించినప్పుడల్లా పొట్ట వదలాలని. పొట్ట వదిలి బజారుకు వెళ్ళాలంటే సిగ్గేసేది. అందరూ లావైందనుకుంటారని. ఒకామె అడిగింది కూడా.

మార్చి 26న రెండోసారి వచ్చేటప్పుడు నా మిషన్ ఫొటోలు తీసుకుని రమ్మన్నారు. ఆ రోజు నా పనికి సంబంధించి మార్పులు చెప్పారు. నాకు నిజంగా పనికొచ్చినవి ఇవే. నా స్టూలు పొట్టిది, మోకాళ్ళు తొంటి కంటే పైకి ఉండేవి, అందుకే తోక ఎముక మీద కూలబడి కూర్చునేదాన్ని. స్టూలు కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టించాను. పాత తువ్వాలు మడిచి పిర్రల వెనక సగం కింద పెట్టుకుంటే నడుం వంపు నిలబడింది. మిషన్ కూడా అంతే ఎత్తు లేపాల్సి వచ్చింది, లేకపోతే మెడ వంగిపోతుంది. దిమ్మలకు వడ్రంగి 350 తీసుకున్నాడు. కాలితో తొక్కే మిషన్‌కు మోటార్ పెట్టించాను, 1,700. కటింగ్ నేల మీద కూర్చుని ముందుకు వంగి చేసేదాన్ని, దాన్ని డైనింగ్ టేబుల్ మీదికి మార్చాను. నలభై నిమిషాలకు ఫోన్లో అలారం. మోగగానే లేచి రెండు నిమిషాలు నడవాలి. మొదట్లో కుట్టు మధ్యలో లేవడం చిరాకేసేది. రోజుకు నాలుగు జాకెట్లు కుట్టేదాన్ని మూడుకు పడిపోయాను. నెలకు దాదాపు నాలుగు వేల ఆదాయం తగ్గింది. ఈ ఖర్చును ఏ బిల్లులోనూ రాయరు.

మరుగుదొడ్డి సంగతి కూడా చెబుతాను, దాచుకుంటే లాభం లేదు. మా ఇంట్లో ఇండియన్ టైపే. అలా గొంతుక్కూర్చోవడం తప్పు కాదట, కూర్చుని ముక్కడం తప్పు. రాకపోతే లేచి వచ్చేయాలి. కూర్చున్నప్పుడు ఊపిరి బిగబట్టకుండా నోటితో 'హా' అని వదలాలి. మూత్రం అయిపోయాక లేచి ఒకసారి అటూ ఇటూ ఊగి మళ్ళీ కూర్చుంటే ఇంకొంచెం వస్తుంది. జారిన మూత్రసంచిలో కాస్త మిగిలిపోతుంది కాబట్టి. నాకు రాత్రిళ్ళు మూడుసార్లు లేవడం దీనితో ఒక్కసారికి తగ్గింది. మలబద్ధకానికి పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళు, మధ్యాహ్నం జామకాయ, రాత్రి జొన్నరొట్టె.

ఏప్రిల్ 2న గుంటూరు డాక్టరు దగ్గర రింగ్ పెట్టించుకున్నాను. సిలికాన్‌ది, 2,600. ముందు 65 సైజు పెట్టి అక్కడే నడిపించి, మెట్లు ఎక్కించి, బాత్‌రూముకు వెళ్ళి రమ్మన్నారు. బాత్‌రూములో జారి పడిపోయింది. 70 పెడితే నిలబడింది. పెట్టినట్టే తెలియలేదు. బస్టాండు దాకా నడిచి వెళుతూ తొడల మధ్య ఏమీ లేకుండా నడవడం ఎలా ఉంటుందో మూడు నెలల తర్వాత గుర్తొచ్చింది. రింగ్‌తోపాటు రాత్రిపూట లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ (ఆడవాళ్ళ హార్మోను) క్రీమ్ ఇచ్చారు. రింగ్ నేనే తీసి, సబ్బు నీళ్ళతో కడిగి, మళ్ళీ పెట్టుకోవడం నేర్పారు. ఒక కాలు స్టూలు మీద పెట్టి, చూపుడు వేలు కొక్కెంలా వంచి లాగాలి. మొదటిసారి ఇంట్లో నలభై నిమిషాలు పట్టింది, చెమటలు పట్టేశాయి. ఇప్పుడు రెండు నిమిషాలు. రోజంతా పెట్టుకోను. పని ఎక్కువున్న రోజు, పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడు, ప్రయాణాల్లో పెట్టుకుంటాను.

ఉగాది వెళ్ళాక ఏప్రిల్ మూడో వారంలో మళ్ళీ మొదటికొచ్చింది. మూఢం వస్తోందని, మే, జూన్‌లలో ముహూర్తాలు లేవని అందరూ ఏప్రిల్లోనే పెళ్ళిళ్ళు పెట్టేసుకున్నారు. అలారం కట్టేసి రెండు రోజులు వరసగా కుట్టాను. మూడో రోజు నడుం పట్టేసింది, కింద ఉండ పొద్దున్నుంచే దిగింది. ఇంక దీనికి ఆపరేషనే గతి అని రాత్రంతా ఏడ్చాను. ఏప్రిల్ 23న మేడం తిట్టలేదు. రెండు రోజులు చేసిన పనికి రెండు రోజుల్లో తగ్గుతుంది, జారుడు పెరగలేదు, అలసట అంతే అన్నారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇరవై నిమిషాలు పిర్రల కింద దిండు పెట్టి, కాళ్ళు మడిచి పడుకోమన్నారు. లేచేటప్పుడు నేరుగా లేవకుండా పక్కకు తిరిగి చేత్తో లేవాలి. నిజంగానే మూడో రోజుకు సర్దుకుంది.

ఆ మూఢం నాకు వరమైంది. మే, జూన్ రెండు నెలలు పెద్దగా పని లేదు. మా ఆయన జీతం మీద ఇల్లు నడిచింది. ఎండలకు బయటికి కూడా వెళ్ళకుండా మూడు పూటలా వ్యాయామం, సాయంత్రం డాబా మీద నడక. మే చివర్లో ఒక రోజు రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చింది, ఆ రోజంతా నడుం నొప్పి గురించి ఒక్కసారి కూడా అనుకోలేదని. నాలుగేళ్ళలో అలాంటి రోజు అది మొదటిది. మే 28న వెళ్ళినప్పుడు మేడంకు ముందు అదే చెప్పాను. ఆవిడ అప్పుడు బరువు ఎత్తడం నేర్పారు, ఐదు కిలోల బియ్యం సంచితో. దగ్గరికి తీసుకో, తొంటి దగ్గర వంగు, ముందు బిగించు, ఊపిరి వదులుతూ లేవు. సిలిండరు మాత్రం ఎత్తేది లేదు, వాలు చేసి దొర్లించడమే. ఇప్పుడు తెచ్చే అబ్బాయి చేతే స్టవ్ కిందదాకా పెట్టిస్తున్నాను.

జులై 2, పదహారో వారం. బలం రెండు నుంచి నాలుగుకు వచ్చింది. పది అంకెలు లెక్కపెట్టే దాకా పట్టి ఉంచగలుగుతున్నాను. ఆ నెలలోనే గుంటూరు డాక్టరు మళ్ళీ పరీక్ష చేశారు. ఇంకా సెకండ్ డిగ్రీయే. నేను ఆశపడ్డాను, ఫస్ట్ అంటారని. నిలబెట్టి చూసినా కాగితం మీద అదే రాశారు. దారంతా మౌనంగా వచ్చాను. కానీ నాకు తెలుసు, జనవరిలో మధ్యాహ్నం నాలుగింటికి దిగేది ఇప్పుడు చాలా రోజులు అసలు తెలియదు. బాగా అలసిపోయిన రోజు రాత్రి ఎనిమిదికి కొంచెం బరువుగా ఉంటుంది. ఆపరేషన్ వద్దనుకున్నానని చెబితే, "ఎప్పుడు కావాలన్నా చేద్దాం, నీ ఇష్టం" అన్నారావిడ. శ్రావణమాసం రద్దీ అలారంతోనే దాటాను, కొన్ని ఆర్డర్లు వదులుకున్నాను. సెప్టెంబరు మొదట్లో ఒకసారి చూపించుకుందామనుకుంటే బుడమేరు వరదతో విజయవాడ వెళ్ళడమే కుదరలేదు. ఫోన్లో మాట్లాడితే సరిపోయింది.

లెక్క చూసుకుంటే డాక్టర్లు, స్కాన్, బెల్టు, ఫిజియో ఐదుసార్లు, రింగ్, క్రీమ్, దిమ్మలు, మోటార్ అన్నీ కలిపి 16,000కు కొంచెం తక్కువైంది, ప్రయాణం కాకుండా.

మా అత్తయ్య సంగతి చెప్పకపోతే ఇది పూర్తవదు. ఆవిడకు 70 ఏళ్ళు, మాతోనే ఉంటారు. నేను చీపురు కర్ర వీపున పెట్టుకుని నిలబడటం, మధ్యాహ్నం కాళ్ళు మడిచి పడుకోవడం చూస్తూనే ఉండేవారు, ఏమీ అడిగేవారు కాదు. దసరా వెళ్ళాక ఒక రోజు కూరగాయలు తరుగుతుంటే నేనే చెప్పాను. ఆవిడ కత్తిపీట మీద నుంచి లేవకుండా, తల ఎత్తకుండా, "నాకూ ఉందమ్మాయ్. అడుగు జారింది. గుడ్డ మడిచి పెట్టుకుంటా" అన్నారు. ఎప్పటి నుంచి అన్నాను. చేత్తో కొట్టిపారేశారు. ఒకే ఇంట్లో ఇరవై ఏడేళ్ళు ఉన్నాం మేము. ఆవిడ నాట్లు వేశారు, బిందెలు మోశారు, నా కాన్పులకు పక్కన ఉన్నారు. నాకు తెలియలేదు.

అక్టోబరు 22న గుంటూరు తీసుకెళ్ళాను. రాను రాను అంటూనే కొత్త లంగా కట్టుకున్నారు. లోపలికి ఇద్దరం వెళ్ళాం, మా ఆయన బయట బెంచీ మీద కూర్చున్నారు. డాక్టరు చూసి, బాగా కిందికి దిగిందని, గుడ్డ రాపిడికి చిన్న పుండు కూడా పడిందని చెప్పారు. "ఎన్నాళ్ళ నుంచమ్మా?" అని అడిగితే, "మా చిన్నోడు పుట్టిన కాడి నుంచి" అన్నారు అత్తయ్య. మా మరిది పుట్టింది 1983లో. డాక్టరు పెన్ను ఆపి ఆవిడ వైపు చూశారు.

పుండు మానడానికి నాలుగు వారాలు క్రీమ్ రాయమన్నారు. రాత్రిళ్ళు నేనే గుర్తు చేసేదాన్ని. నవంబరు 19న రింగ్ పెట్టారు, మొదటి సైజే సరిపోయింది. డాక్టరు నడవమంటే ఆ గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. మళ్ళీ నడిచారు. బస్టాండులో బెంచీ ఖాళీగా ఉంది, కూర్చోండి అత్తయ్యా అన్నాను. వద్దమ్మాయ్ అని, బస్సు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు.